గుమ్మం వైపు ఆమెకే ఇవ్వండి

కొత్తగా పెళ్లయిన జంటకు మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో పెద్దలు చెప్పే మాట ఒకటుంది: "మగోడు గుమ్మమేపు తొంగోవాల, ఆడది గోడేపు." దొంగ వచ్చినా పామొచ్చినా ముందు మొగుడే ఎదురవ్వాలని. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. అయినా పాటించొద్దనే చెబుతాను. పెద్దలకు పెడసరంగా తోచినా సరే.

ముందు ఎవరి నిద్ర పలచనో గమనించండి. పసిబిడ్డ కదిలితే, పెరట్లో ఆవు అరిస్తే, ఎవరైనా తలుపు తడితే ముందుగా లేచేవాళ్లదే గుమ్మం వైపు. చాలా ఇళ్లలో ఆ లేచేది ఆమే. మొద్దు నిద్రపోయేవాణ్ణి గుమ్మం వైపు పడుకోబెడితే, ప్రతిసారీ ఆమె చీకట్లో అతన్ని దాటుకుని దిగాలి. అది కాపలా కాదు, అడ్డం.

నమ్మకం కుదరకపోతే ఎచ్చెర్ల తీరంలోని మత్స్యలేశం సంగతి తలుచుకోండి. ఆగస్టు వచ్చేసరికి అక్కడి మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల పనికి పోతారు. తిరిగొచ్చేది వేసవిలోనే. 2018 నవంబరులో మనవాళ్లున్న బోట్లను పాకిస్తాన్ పట్టుకుంది. కరాచీ జైలు నుంచి 20 మంది వాఘా దగ్గరకు చేరేసరికి 2020 జనవరి వచ్చింది. 'తండేల్' సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలుసు. ఏడాదికి పైగా ఆ గుమ్మాలను కాసింది భార్యలు, తల్లులు. అలాంటి మనిషిని మొగుడు రాగానే గోడ వైపు జరగమనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆ 2018లోనే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అటువంటి గాలికి మగవాడి పక్క, ఆడదాని పక్క ఉండవు. తుపాను హెచ్చరిక వస్తే పక్కల గొడవ మాని, రేకుల ఇల్లయితే ఇద్దరూ పిల్లలతో గట్టి కట్టడంలోకి వెళ్లిపోండి.

పాము మాటకొస్తే, కట్లపాము తిరిగేది రాత్రిపూట. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది. నొప్పి అంతగా ఉండదు కాబట్టి కరిచిన సంగతే తెలియకపోవచ్చు. పక్కన మొగుడున్నాడని అది ఆగదు. మంచం ఎక్కండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి, తలగడ దగ్గర టార్చి పెట్టుకోండి. కరిచిందన్న అనుమానం వస్తే మంత్రగాడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ఒక్క మినహాయింపు ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు. ఆ జబ్బున్నవాళ్లు రాత్రి పలుమార్లు ఒంటేలికి లేవాల్సి వస్తుంది. ఆడైనా మగైనా గుమ్మం వైపు వాళ్లకివ్వండి, దారిలో చిన్న దీపం వెలగనివ్వండి.

ఆలిని కాచుకోవాలన్న తపన మంచిదే. దాన్ని తలుపు గడియ బాగుచేయడంలో, పెరటి దారి తుప్పలు కొట్టడంలో చూపించండి. వేసవికి ఇల్లు చేరే అన్నదమ్ములారా, మొదటి రాత్రే ఏ పక్క కావాలో ఆమెను అడగండి. గుమ్మం వైపే అంటే, మారు మాట్లాడకుండా మీ తలగడ గోడ వైపు వేసుకోండి.