నాలుగు ఆప్షన్ల సరస్వతి

మన దేశంలో జ్ఞానానికి ఎంఆర్‌పీ ఖరారైన తేదీ 2000 జులై 3. ఆ రాత్రి స్టార్ ప్లస్‌లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలైంది. పదిహేను ప్రశ్నలు, కోటి రూపాయలు. అంతకుముందు చదువుకున్నవాడికి దక్కేది మహా అయితే ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఆలస్యంగా వచ్చిన మంత్రిగారి ప్రసంగం. కోటి అనేసరికి జనం పుస్తకాల మీద పడ్డారు. పుస్తకాలంటే నిజం పుస్తకాలు కావు లెండి, బిట్ బ్యాంకులు.

తెలుగువాడి జ్ఞానానికి రేటు కట్టడానికి మరో పద్నాలుగేళ్లు పట్టింది. 2014లో మా టీవీలో నాగార్జున గారు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అన్నారు. 2017లో చిరంజీవి గారూ అదే అడిగారు. 2021లో జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ గారు మాటలు అటూ ఇటూ జరిపి ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అన్నారు. రేటు మాత్రం జరగలేదు, అదే కోటి. అప్పటికే హిందీలో అది ఏడు కోట్లు. అంటే హిందీ జ్ఞానంలో తెలుగు జ్ఞానం ఏడో వంతన్నమాట. దీని మీద భాషాభిమానులు ఒక్క ధర్నా అయినా చేయలేదెందుకో!

నాకు రేటుతో పేచీ లేదు. ఆడండి, గెలవండి, పేకాట కన్నా నయమే. దాన్ని పట్టుకుని సరస్వతీ కటాక్షం, జ్ఞానానికి పట్టాభిషేకం అంటేనే ఒళ్లు మండుతుంది. ఆ షోలోని హాట్ సీట్లో పనికొచ్చేది తెలిసి ఉండటం కాదు, తడుముకోకపోవడం. ‘లాక్ చేసేద్దామా?’ అని అడిగితే విషయం తెలిసినవాడు ఒక్క క్షణం ఆగుతాడు. ‘ఏ లెక్క ప్రకారం అండీ?’ అని అడగాలనిపిస్తుంది వాడికి. అడిగేలోపు టైమర్ అయిపోతుంది.

పొట్టి శ్రీరాములు గారి దీక్ష ఎన్ని రోజులు? ఇది లేని బిట్ బ్యాంకు ఉండదు. ఏ) 52, బి) 56, సి) 58, డి) 62. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో మొదలుపెట్టి, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయేదాకా తిండి ముట్టలేదాయన. అన్నాళ్లూ ఢిల్లీ ఎందుకు కదల్లేదు, ఆయన పోయిన నాలుగు రోజులకే ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ గారు ఎలా ప్రకటించగలిగారు, ఏ మద్రాసు కోసం పట్టుబట్టారో అది చివరికి ఎందుకు రాలేదు, ఇవేవీ ఆప్షన్‌లో పట్టవు. పట్టేది రెండంకెలు. 58 అన్నవాడికి చప్పట్లు, చెక్కు. 56 అన్నవాడికి ఎర్ర లైటు, గుండెలు పిండే సంగీతం. అనుమానముంటే ఫిఫ్టీ-ఫిఫ్టీ వాడుకోవచ్చు. ఒక మనిషి ఆకలితో చచ్చిపోయిన లెక్కలోంచి రెండు తప్పుడు అంకెలను కంప్యూటర్ దయతో తీసేస్తుంది.

జ్ఞానపీఠ్ అందుకున్న తొలి తెలుగు రచయిత? విశ్వనాథ సత్యనారాయణ. గ్రంథం? రామాయణ కల్పవృక్షం. ఏ సంవత్సరానికి? 1970. మనవాళ్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అందులో ఒక్క పద్యం చదవండి అంటే మాత్రం, సిలబస్‌లో లేదండీ అంటారు. వాళ్ల తప్పేం లేదు, అది ఎవరూ అడగరు. ఆరు కాండలూ ఏళ్ల తరబడి చదువుకున్న పెద్దాయనకూ, పొద్దున బస్సులో బిట్టు చూసుకుని వచ్చిన కుర్రాడికీ ఇక్కడ ఒకటే సొమ్ము. కుర్రాడికి ఇంకొంచెం ఎక్కువ అవకాశం కూడా ఉంది, ఎందుకంటే పెద్దాయన ఆప్షన్లలోని నాలుగు పేర్లూ చూసి మిగతా ముగ్గురి గొప్పతనం గురించి ఆలోచనలో పడే ప్రమాదముంది. రావూరి భరద్వాజ గారి సంగతి చూడండి. ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి 2012 జ్ఞానపీఠ్ వచ్చింది. సినిమా లోకపు వెనక వాకిలి తలుపు తీసి చూపించిన నవల ఆయన ‘పాకుడురాళ్లు’. ఆ నవల పేరును సినిమా హీరో అడగాలి, మనం నాలుగింటిలో ఒకటి నొక్కాలి. లోపల ఏముందో ఇద్దరమూ ఎత్తకూడదు.

పోనీ కథలూ కావ్యాలూ వదిలేద్దాం, అంకెలైనా కుదురుగా ఉంటాయా? ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లని చిన్నప్పుడు వల్లె వేశాం. 2020 డిసెంబర్‌లో నేపాల్, చైనా కలిసి 8,848.86 అన్నాయి. అసలు 1856లో చెప్పిన 29,002 అడుగుల వెనక ఒక కథ చెబుతారు: లెక్క సరిగ్గా 29,000 తేలిందట, అలాగే చెబితే జనం ఉజ్జాయింపు అనుకుంటారని పైన రెండడుగులు పెట్టారట. బిట్టు అనేదాని స్వభావం ఆనాడే అర్థమైంది ఆ సర్వే దొరలకు. ప్లూటోను 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారు. తెలంగాణ జిల్లాలు పది నుంచి 2016లో 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఒక్క ఏప్రిల్ రోజున, 2022లో, ఇరవై ఆరయ్యాయి. జిల్లా చీలినప్పుడల్లా అందరికన్నా ముందు సంతోషించేది బిట్ బ్యాంకు అచ్చువేసేవాడే.

హాకీ మరీ విచిత్రం. 2012లో సమాచార హక్కు కింద అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని క్రీడల మంత్రిత్వ శాఖే రాసిచ్చింది. అయినా ‘మన జాతీయ క్రీడ?’ అంటే పిల్లాడి దగ్గర్నుంచి తాత దాకా హాకీయే. ఆ శాఖ జవాబు తెలిసినవాడు హాట్ సీట్లో ఏం నొక్కాలి? ప్రశ్న మార్చుకునే లైఫ్‌లైన్ పెట్టారు గానీ, ప్రశ్నే తప్పని చెప్పే లైఫ్‌లైన్ పెట్టలేదు.

ఇంట్లో కూర్చున్నవాళ్లనూ జ్ఞానం వదిలిపెట్టదు. ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ 2007 సీజన్‌లో ప్రేక్షకులకు ‘హర్ సీట్ హాట్ సీట్’ అని ఒక పోటీ పెట్టారు. ఎస్ఎంఎస్‌కు 2 రూపాయల 40 పైసలు, ఎపిసోడ్‌కు రెండు లక్షల బహుమతి. ఆ బహుమతి మన ఎస్ఎంఎస్‌ల డబ్బులోంచే వస్తోందని, ఇది అన్యాయ వ్యాపారమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ స్టార్ ఇండియాకు, ఎయిర్‌టెల్‌కు జరిమానా వేసింది. ఎంతనుకున్నారు? కోటి రూపాయలు. ఆధారాలు చాలవని 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసిందనుకోండి. లైఫ్‌లైన్ అంటే అదీ!

అమెరికాలో 1950లలో ‘ట్వంటీ వన్’ అనే క్విజ్‌లో పోటీదారులకు జవాబులు ముందే చెప్పేవారు. గెలిచి దేశమంతా పేరు తెచ్చుకున్న చార్లెస్ వాన్ డోరెన్ అనే అధ్యాపకుడు 1959లో చట్టసభ కమిటీ ముందు అంతా ఒప్పుకున్నాడు. మన టీవీకి అంత కర్మ పట్టలేదు, జవాబులన్నీ ముందే కోఠీ ఫుట్‌పాత్ మీద దొరుకుతాయి. లీకులు మనం ఉద్యోగ పరీక్షలకే అట్టిపెట్టుకున్నాం, 2023 మార్చిలో రద్దయిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ సాక్షిగా.

ఈ షోలలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం కష్టాల వీడియో. కంటెస్టెంట్ ఊరు, రేకుల ఇల్లు, మంచం మీద తల్లి, వెనక వయొలిన్. ఆపరేషన్‌కు డబ్బు కావాలి. హాలంతా కళ్లు తుడుచుకుంటుంది, బ్రేకులో సబ్బుల ప్రకటన వస్తుంది. బ్రేకు తర్వాత ప్రశ్న: తన గ్రంథాలయం మెట్ల మీంచి జారిపడి మరణించిన మొఘల్ చక్రవర్తి ఎవరు? గ్రంథాలయం అనే మాట ఆ స్టూడియోలో వినిపించేది ఇలాంటప్పుడే. 1556లో ఢిల్లీలో హుమాయూన్ ఎలా పోయాడో కొడుక్కి తెలిస్తేనే ఇక్కడ తల్లికి ఆపరేషన్. తెలిసి, తడుముకోకుండా లాక్ చేసి గెలిస్తే, ఆ సొమ్ములో 30 శాతం పన్ను పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. ఆస్పత్రి ఖర్చుకు అందులో మినహాయింపు లేదు.