తంతే గానీ పలకదు

చేతక్ స్కూటర్‌ని ఓ పక్కకి బాగా వంచి, నిలబెట్టి, అప్పుడు కిక్కు కొట్టే ఇంట్లో పుట్టాను. మా నాన్న టీవీ నెత్తిన రెండు చరిస్తే గానీ శుక్రవారం చిత్రలహరిలో బొమ్మ నిలబడేది కాదు. అంచేత షికాగో శివార్లలో, ముందు గదిలో బీరు, వెనక హాల్లో వరసగా పిన్‌బాల్ మెషీన్లు ఉన్న చోటికి మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఎవరి శిక్షణా అవసరం పడలేదు. ఇన్నేళ్ళ అనుభవాన్ని కొత్తగా అమెరికా దిగిన పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఫీజు లేదు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అద్దం మూత ఉన్న ఓ బల్ల, ఆరున్నర డిగ్రీల వాలు. దాని మీద 80 గ్రాముల ఉక్కు గోళీ కిందికి దొర్లుకుంటూ వస్తుంది. అడుగున ఉన్న ఫ్లిప్పర్లు అనే రెండు రెక్కలతో దాన్ని మళ్ళీ పైకి కొట్టాలి. ఆ రెండిటి నడిమి సందులోంచో, పక్క కాలవల్లోంచో జారిందా, ఆ గోళీతో మనకి రుణం తీరినట్టే. జారిపోకుండా బల్లని కాస్త కదపడాన్ని నడ్జ్ అంటారు. మెతక మనుషులు పెట్టిన పేరు. మనం కుదుపు అందాం.

గోళీ రబ్బరుకి తగిలే క్షణం కనిపెట్టి, అరచేత్తో చిన్నగా ఒక్క తోపు తోస్తే చాలని అక్కడి పాతకాపులు చెబుతారు. ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు? అసలు ఆపకుండా కుదుపుతూ ఉంటే ఆ క్షణం కూడా అందులోనే ఎక్కడో వచ్చి పడుతుంది. బల్ల బరువా, ఓ 110 కిలోలు ఉంటుంది. పెళ్ళి భోజనాల దగ్గర సాంబారు గుండిగలు మోసిన జాతికి అదో లెక్క కాదు. చేతులు నొప్పెడితే నడుం వాడండి. పక్క మెషీన్‌కి తగిలి అక్కడివాడి గోళీ పోతే, దూరంగా పెట్టించుకోవడం వాడి బాధ్యత.

ఇక అసలు శత్రువు సంగతి. మెషీన్ పొట్టలో ఓ చాడీకోరు ఉంటాడు. గోడ నిలువుగా వచ్చిందో లేదో చూడటానికి మేస్త్రీ వేలాడదీసే గుండు లాంటిదే, సన్నటి కడ్డీకి వేలాడుతుంటుంది. చుట్టూ లోహపు వలయం. బల్ల మరీ ఊగితే గుండు వెళ్ళి వలయాన్ని ముట్టుకుంటుంది, కరెంటు కలుస్తుంది, టిల్ట్! ఫ్లిప్పర్లు చచ్చుబడిపోతాయి, ఆ గోళీకి రావలసిన బోనస్ గోవింద. 1930ల్లో హ్యారీ విలియమ్స్ అనే ఆయన చేసిన నిర్వాకం ఇది. జనం బల్లని అడుగునుంచి అరచేత్తో బాదుతున్నారని ముందు అక్కడ మేకులు దిగ్గొట్టాడట. తర్వాత మనసొప్పక ఈ టిల్ట్ ఉపాయం పట్టుకున్నాడట. నన్నడిగితే మేకులే నయం. మేకు ఒకసారి గుచ్చి ఊరుకుంటుంది. గుండు గుర్తుపెట్టుకుంటుంది.

ఎలాగంటారా? ఇప్పటి మెషీన్లు చాలావరకు రెండు హెచ్చరికలిచ్చి, మూడోసారి ఆట కట్టేస్తాయి. గోళీ గోళీకీ మళ్ళీ కొత్తగా రెండు. ఉచితంగా ఇచ్చినవాటిని వాడకుండా వదిలేసేవాణ్ణి ఏమనాలి? కాకపోతే గట్టిగా ఒక్క తోపు తోస్తే గుండు వెంటనే ఆగదు, అటొకసారి ఇటొకసారి వలయాన్ని ముద్దు పెట్టుకుని రెండు హెచ్చరికలూ ఒకే ఊపులో మింగేస్తుంది. తెలివిగలవాళ్ళం అనుకునేవాళ్ళు అప్పుడు చేతులు కట్టుకుని గుండు కుదుటపడే దాకా ఆగుతారు. నేను మాత్రం రెండో వైపు నుంచి అంతే గట్టిగా తోసి ఊపు సరిచేస్తాను. ఇంతవరకూ సరికాలేదు.

టిల్ట్ అయ్యాక పాటించాల్సిన మర్యాద ఒకటుంది. మీ గోళీ పోయినా గుండు ఇంకా ఊగుతూనే ఉంటుంది. వెనకవాడు ఆ ఊపులోనే మొదలుపెట్టాడంటే, వాడేమీ చేయకుండానే వాడి గోళీ కూడా టిల్ట్. కాబట్టి తప్పుకుంటూ "కానీ, కానీ, ఆలస్యమెందుకు" అని ఆప్యాయంగా తొందరపెట్టండి. మా గుంటూరు కుర్రాడొకడు ఈమధ్య నా వెనక నిలబడి "పర్లేదన్నా, మంచినీళ్ళు తాగొస్తా" అంటున్నాడు. ఈ కాలం పిల్లలకి దాహం ఎక్కువ. పోటీల్లోనైతే అలా బలైపోయినవాడికి పరిహారంగా మళ్ళీ ఆడే అవకాశం ఇస్తారు. మంచితనాన్ని ప్రోత్సహిస్తే ఇంతే.

కాలవలో పడి పోతున్న గోళీని కూడా సరైన సమయానికి బల్లని ఒక్క విసురు విసిరి తిరిగి ఆటలోకి ఎగరేయొచ్చు. డెత్ సేవ్ అంటారు. పెద్ద పోటీల్లో నిషేధం. నిషేధించారంటేనే పనిచేస్తుందని అర్థం కదా! డబ్బులు వేసే తలుపు మీద తన్నడం ఇంకో పద్ధతి. అక్కడ వేరే స్విచ్ ఉంటుంది, దాన్ని కదిపితే స్లామ్ టిల్ట్. హెచ్చరికలూ గట్రా లేవు, నలుగురు కలిసి ఆడుతుంటే నలుగురి ఆటా అక్కడితో సరి. మీరు నాలుగో స్థానంలో ఉన్నప్పుడు బాగా పనికొస్తుంది.

బల్లని తాకకుండా ఆడటమే గొప్పని చెప్పడానికి కొందరు రోజర్ షార్ప్ కథ ఎత్తుకుంటారు. న్యూయార్క్‌లో 1942 నుంచి పిన్‌బాల్ మీద నిషేధం. 1976లో ఆయన నగర పెద్దల ముందు నిలబడి, గోళీ నడిమి దారిలోంచి వెళ్తుందని ముందే చెప్పి, గోళీని పైకి పంపే ప్లంజర్ లాగి వదిలాడు. అలాగే వెళ్ళింది. ఇది జూదం కాదు, నైపుణ్యం అని ఒప్పుకుని నిషేధం ఎత్తేశారు. సరే. కానీ నిషేధం పెట్టించిన మేయర్ లాగార్డియా స్వయంగా సమ్మెట పట్టుకుని మెషీన్లు పగలగొట్టాడు. కుదుపు కళలో నా గురువు ఆయనే.

నా తొలి అభ్యాసం మాత్రం నెట్ సెంటర్లో, విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన స్పేస్ క్యాడెట్ మీద. అందులో ఎక్స్ నొక్కితే బల్ల కదిలేది. అక్కడా టిల్ట్ ఉండేది గానీ, పోయిందల్లా ఆటా, కీబోర్డు మీద ఓ అక్షరమూ.

ఇక్కడ నా పేరు బాగా పాకింది. నేను గుమ్మంలో కనబడగానే టెక్నీషియన్ కుర్రాడు తాళంచెవులతో పరుగెత్తుకెళ్ళి, నేను ఆడే మెషీన్ తలుపు తీసి, లోపల ఎడం పక్కకి చెయ్యి పెట్టి ఏదో సవరించి వస్తాడు. ఆ గుండుని కాస్త జరిపితే మెషీన్ ఓర్పు మారుతుంది. నా స్థాయికి తగ్గట్టు పెడుతున్నాడన్నమాట. మొన్న ఆట మధ్యలో తుమ్మాను. టిల్టయింది.