లాకప్ లాంజ్

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దొంగ బంగారంతో దొరికి అరెస్టయినవాణ్ని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుంచాలన్నది చట్టం.

అంతవరకూ చకచకా. ఆ తర్వాతే వాయిదాలు.

దుబాయ్ నుంచి నాలుగు గంటల్లో ఎగిరొచ్చిన మనిషికి చంచల్‌గూడ జైలు నుంచి నాంపల్లి కోర్టుకు పోయి రావడానికి పొద్దు గుంకుతుంది. దూరం ఐదారు కిలోమీటర్లే!

ఎయిర్‌పోర్టు లాంజ్‌లోకి పోవాలంటే కార్డు గీకాలి. పేరు పిలిచేదాకా కూచోబెట్టే కోర్టు లాకప్‌లోకి ఉచిత ప్రవేశం.

సీటు నంబరు గొడవ లేదు, ఎందుకంటే సీట్లే లేవు. కిటికీ పక్కన కావాలంటే ముందు కిటికీ ఉండాలి. ఒంటికి పోవాలంటే ఎస్కార్టు కానిస్టేబుల్ దయ తలచాలి. (ఆయన టిఫిన్ బాక్సు కూడా మూత తీయకుండానే ఉంది, పాపం.)

సాయంత్రం పేరు పిలిచారు. జడ్జిగారు సెలవు. మళ్లీ వాయిదా.

సంగారెడ్డి పాత జైల్లో 2016లో సరదాపడ్డవాళ్లకు రూ.500 తీసుకుని ఒకరోజు ఖైదీ జీవితం చూపించారు. యూనిఫాం, పళ్లెం, గ్లాసు అన్నీ ఇచ్చారు. కోర్టు లాకప్ మాత్రం ఆ ప్యాకేజీలో కలపలేదు. ఆ రేటుకు గిట్టదనుకున్నారేమో!