ఆవుకు మిషన్, ఫైలుకు హెలికాప్టర్, ఆమెకు?

సముద్రంలో ఉద్యోగం చేసే మహిళకు హక్కులున్నాయి. నవ్వకండి, నిజంగానే ఉన్నాయి. ఓడల్లో పనిచేసేవాళ్ల కోసం 2006లో ఒక అంతర్జాతీయ ఒప్పందం రాశారు. 2015లో మన దేశం దానికి ఆమోదముద్ర వేసింది. ఓడలో వంట చేసినా, ఇంజిను నడిపినా రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. వారానికి 77 గంటలు. పని ఒప్పందం రాతలో ఉండాలి. ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఓడలోనే ఉండాలి. యజమాని మధ్యలో వదిలేస్తే ఇంటికి చేర్చే ఖర్చుకు ముందే పూచీకత్తు పెట్టాలి. ఆడవాళ్ల కొలతకు సరిపోయే రక్షణ దుస్తులు ఇవ్వాలని 2022లో సవరించారు కూడా. నియమం తప్పిన ఓడను రేవులోనే ఆపేయొచ్చు.

ఈ హక్కులున్న మహిళలు ఎందరు? 2021 లెక్క ప్రకారం ప్రపంచ నావికుల్లో 1.28 శాతం. పాతిక వేల మంది కూడా లేరు. వాళ్లయినా నిశ్చింతగా ఉన్నారా? లేరు కాబట్టే 2025లో జెనీవాలో మళ్లీ కూర్చుని, వేధింపుల మీద నియమాలు బిగించారు. సరే, కాగితమైనా ఉంది. అడగడానికి ఒక ఆధారమైనా ఉంది.

ఇప్పుడు సముద్రం దాటండి.

మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి సముద్రం దాటే ఆడవాళ్లు ఓడ ఎక్కరు. విమానం ఎక్కుతారు. కువైట్‌లో దిగుతారు. పరాయి ఇంట్లో అంట్లు తోముతారు, పిల్లల్ని ఎత్తుకుంటారు, ముసలివాళ్లకు స్నానం చేయిస్తారు. ఆమెకు రోజుకు ఎన్ని గంటల విశ్రాంతి? మేడమ్‌ను అడగాలి. మేడమ్ నిద్రపోతే ఆమెకూ నిద్ర. మేడమ్ ఇంటికి చుట్టాలొస్తే? నిద్రా? యాడ నిద్ర!

కువైట్‌కు చట్టం లేదంటే తప్పు. 2010లో చేసిన కార్మిక చట్టం ఇంటి పనివాళ్లను గడప బయటే నిలబెట్టింది. తర్వాత ఐదేళ్లకు కనికరించి 68వ నంబరు చట్టం చేశారు. పని రోజుకు 12 గంటలు మించకూడదు. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లు అన్నారు. మన లెక్కన పదిహేడు వేల రూపాయలకు అటూ ఇటూ. వింటుంటే ఎంత హాయిగా ఉంది! మరి ఆ ఇంటి తలుపు తట్టి, లోపలికి పోయి, వంటగదిలో ఎన్ని గంటలు నిలబెట్టారో చూసేదెవరు?

పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని బీరువాలో ఉంటుంది. ఫోను మేడమ్ చేతిలో ఉంటుంది. భరించలేక గడప దాటిందా, ‘పారిపోయింది’ అని కేసు. ఆ కేసు పడితే అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పోతుంది. అకామా పోతే వీధిలో నడవడమే నేరం. జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు. చాకిరీ చేసిన మనిషి ముద్దాయి. 2018లో, 2020లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. కాగితాల్లేనివాళ్లు జరిమానా లేకుండా పోవచ్చట. ఎవరు ఎవరిని క్షమించినట్టు?

కువైట్‌ను తిట్టి చేతులు దులుపుకోవడం సులువు. మన తట్ట కింద ఏముందో చూద్దామా?

మనకు 1983 నాటి వలస చట్టం ఉంది. లైసెన్సు లేకుండా మనుషుల్ని విదేశాలకు పంపే ఏజెంటుకు అందులో శిక్ష రాశారు. రెండేళ్ల దాకా జైలు. జరిమానా? కూర్చుని చదవండి. 2 వేల రూపాయల దాకా! మదనపల్లె మార్కెట్‌లో ధర బాగున్న రోజు నాలుగు పెట్టెల టమాటాకు అంతకంటే ఎక్కువ వస్తుంది. పైగా ఈ చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. నియోజకవర్గంలో నలుగురికీ తెలిసిన ఏజెంటు మీద కేసు పెట్టడానికి ఢిల్లీ నుంచి ఉత్తరం రావాలి. ఏజెంటు భయపడతాడా? భయపడాల్సిన అవసరం ఏముందబ్బా?

పదో తరగతి చదవని మహిళ గల్ఫ్‌కు పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలన్నారు. రక్షణ కోసమట. ఏజెంటు ఏం చేశాడు? వయసు మార్చాడు. లేదా విజిట్ వీసా చేతిలో పెట్టాడు. పొరుగు దేశంలో దించి, అక్కడి నుంచి దారి మళ్లించాడు. 2016లో ఇంకో తాళం వేశారు. ఇంటి పనికి పోయే మహిళల్ని ప్రభుత్వ సంస్థలే పంపాలన్నారు. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. పుంగనూరు బస్టాండులో పదిమందిని ఆపి అడగండి, ఆ పేరు ఎందరు విన్నారో! ఏజెంటు పేరు అడగండి. ఫోన్ నంబరుతో సహా చెబుతారు. వీధివాకిలికి తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తెరిచిపెట్టడాన్ని మన ఏలికలు రక్షణ అంటున్నారు. దొడ్డిదారిన పోయిన మనిషి ఏ రిజిస్టరులోనూ ఉండదు. రిజిస్టరులో లేని మనిషికి కష్టమొస్తే? ‘మీరు నిబంధనల ప్రకారం వెళ్లలేదు కదమ్మా’ అంటారు. నిబంధనల దారి ఎక్కడుందో చూపించిన పాపాన పోయారా?

ఏజెంటు ఆమె దగ్గర డబ్బు అడగడు. ఎదురు అడ్వాన్సు ఇస్తాడు. ‘ఏం గాదులేమ్మా, ఇంటి పనే గదా’ అంటాడు. కమీషన్ అవతలివైపు నుంచి ముడుతుంది. అంత డబ్బు కట్టిన కఫీల్ ఆమెను పనికి పెట్టుకున్నాననుకుంటాడా, కొనుక్కున్నాననుకుంటాడా?

1983 చట్టం పాతబడిందని ఢిల్లీకి తెలుసు. 2019లో ఒక ముసాయిదా వచ్చింది. 2021లో ఇంకొకటి వచ్చింది. 2025లో మరొకటి వచ్చింది. ముసాయిదాలకు మాత్రం వీసా కష్టాలు లేవు, వస్తూనే ఉంటాయి. ఇంటి పనివాళ్ల హక్కుల ఒప్పందానికి 2011 జూన్‌లో జెనీవాలో మన దేశం చెయ్యెత్తి ఓటేసింది. ఆమోదముద్ర మాత్రం ఇంతవరకూ వేయలేదు. ఎందుకు? వేస్తే కువైట్‌ను అడిగే ముందు మన ఇళ్లలో అంట్లు తోమే మనిషి గంటలు లెక్కపెట్టాలి కాబట్టి. ఇంటి పనివాళ్లకు చట్టం సంగతి ఆలోచించండని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. స్వతంత్రం వచ్చిన ఇన్నేళ్లకు ఆలోచన మొదలు!

మన ప్రభుత్వాలకు చేతకాదంటారా? అట్లా అనకండి సామీ, కళ్లు పోతాయి.

పుంగనూరు ఆవును చూడండి. జాతి అంతరించిపోతోందని 2020లో దాని పేరు మీద ‘మిషన్ పుంగనూరు’ పెట్టారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంటి ఆవరణలో పుంగనూరు ఆవులకు మేత పెట్టారు. దేశమంతా ఫొటోలు చూసింది. మంచిదే. ఆవు బతకాలి. పుంగనూరు ఆడమనిషి పేరు మీద మాత్రం ఏ మిషనూ లేదు.

మదనపల్లె ఫైళ్లను చూడండి. 2024 జులై 21 రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి దస్త్రాలు కాలిపోయాయి. తెల్లారి సాక్షాత్తు డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు. దర్యాప్తు జరగాల్సిందే, కాదనేవాళ్లు లేరు. కాగితం కాలితే గంటల్లో కదిలిన యంత్రాంగం, అదే ఊరి మనిషి కువైట్ నుంచి ‘నన్ను కాల్చి చంపుతున్నారు’ అని ఫోన్ చేస్తే ఏం చేస్తుంది? ‘అర్జీ పెట్టుకోండి. సోమవారం రండి’ అంటుంది.

కుప్పాన్ని చూడండి. 1989 నుంచి చంద్రబాబు గెలుస్తున్న నియోజకవర్గం. 2025 జూన్‌లో కుప్పం మండలం నారాయణపురంలో ఒక మహిళను వేపచెట్టుకు కట్టేశారు. నేరం? 80 వేల అప్పు. అప్పు చేసింది భర్త. తాడు కట్టింది భార్యకు. వీడియో బయటికొచ్చాక అరెస్టులు జరిగాయి, ముఖ్యమంత్రి స్పందించారు. వీడియో రాకపోతే? ‘ఎందుకమ్మా అంత దూరం పోయావు, ఊర్లో పని లేదా’ అని సుద్దులు చెప్పే పెద్దమనుషులకు జవాబు ఆ చెట్టు దగ్గరే ఉంది. అప్పు తీరాలంటే కుప్పం ఆడమనిషి బెంగళూరు రైలెక్కాలి. మదనపల్లె ఆడమనిషి కువైట్ విమానమెక్కాలి. గంగమ్మ జాతరకు చందా, పిల్ల పెళ్లికి బంగారం, కొడుకు చదువుకు ఫీజు, మొగుడి తాగుడు బాకీ అన్నీ ఆమె పంపే దినార్ల మీదే నడవాలి. డబ్బు వచ్చినన్నాళ్లు ఊరంతా ‘మా కువైట్ అక్క’ అంటుంది. తిరిగొచ్చాక ‘అక్కడ ఎట్లుండిందో ఏమో’ అని చెవులు కొరుక్కుంటుంది. ఆమె పంపిన డబ్బుతో వేసిన మిద్దె నీడలో కూర్చుని కొరుక్కుంటుంది!

ఆమెకు రక్షణ దొరికే మార్గం ఇప్పటికి ఒక్కటే. బాత్రూంలో దాక్కుని, దొరికిన ఫోనులో ఏడుస్తూ వీడియో తీయాలి. అది వాట్సాప్‌లో తిరగాలి. టీవీలో రావాలి. అప్పుడు మంత్రి ట్వీట్ చేస్తారు. ఎంపీ లేఖ రాస్తారు. అధికారి ‘మా దృష్టికి వచ్చింది’ అంటారు. ఏడుపు సరిగా రికార్డు కాని ఆమె గతేమిటి? ఫోనే లేని ఆమె? గల్ఫ్ బాధితులు ఇంటికి చేరాలంటే నటన కూడా నేర్చుకోవాలా?

అడుగుతున్నది ఆకాశంలో చుక్కల్ని కాదు. మదనపల్లెలో, పుంగనూరులో ప్రభుత్వ సంస్థ కౌంటర్ ఒకటి తెరవండి, ఏజెంటు ఆఫీసు కంటే దగ్గరగా. ఏ ఊరి నుంచి ఎవరు ఏ ఇంటికి పోయారో ఆ ఊరి సచివాలయంలో రాసిపెట్టండి. రేషన్ కార్డుకు వేలిముద్ర వేయించుకునేవాళ్లకు ఇది కష్టమా? పోయిన మూడో నెలకు, ఆరో నెలకు ఫోన్ చేసి ‘జీతం వచ్చిందా తల్లీ’ అని అడగండి. ఏజెంటు జరిమానాలో సున్నాలు పెంచండి. జెనీవాలో ఎత్తిన చెయ్యి దించకుండా ఆమోదముద్ర వేయండి. నడిసముద్రంలో ఓడ వంటగదికి ఇచ్చిన మర్యాదను నేల మీది వంటగదికీ ఇవ్వమని కువైట్‌తో కూర్చుని గట్టిగా అడగండి.

ఇవేమీ చేతకాదా? అయితే గమ్మునుండండి. కనీసం ఒక్కటి మానేయండి. చావు తప్పి తిరిగొచ్చిన మనిషికి విమానాశ్రయంలో శాలువా కప్పి ఫొటో దిగడం. పోయేటప్పుడు దారి చూపింది మీరు కాదు. అక్కడ జీతం ఇప్పించింది మీరు కాదు. ఆమె కష్టం ఆమెది, అప్పు ఆమెది, ఏడుపు ఆమెది. మధ్యలో ఫొటో ఒక్కటే మీదెట్లా అయిందయ్యా?