ముక్కుకో పైపు

2023 డిసెంబరులో రాజస్థాన్ శాసనసభ వాసుదేవ్ దేవ్‌నానీ గారిని ఏకగ్రీవంగా స్పీకర్ కుర్చీ ఎక్కించింది. ఇంజనీరింగ్ చదివి, ఉదయ్‌పూర్‌లో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెప్పి, అజ్మీర్ నుంచి ఐదుసార్లు గెలిచిన మనిషి. నాకు మాత్రం ఆయన 2017 జనవరిలో, జైపూర్ దగ్గరి హింగోనియా గోశాలలో చెప్పిన పాఠంతోనే గుర్తు. అప్పుడాయన బడి చదువుల మంత్రి. ఆక్సిజన్ పీల్చి ఆక్సిజనే వదిలే జంతువు ఆవొక్కటే అన్నారు.

ఇంతమంది ఇంజనీర్లున్న దేశంలో ఆ మాటను ఎవరూ అమలు చేయకపోవడం అన్యాయం. నేనే పూనుకున్నాను. నిప్పున్న పుల్ల భగ్గుమంటే అది ఆక్సిజనని బళ్ళో చెప్పారు కదా! మా వీధి పాలామె ఆవు ముక్కు ముందు ఊదొత్తి వెలిగించి పట్టుకున్నాను. ఆవు తుమ్మింది. ఊదొత్తి ఆరింది, కళ్ళజోడు నిండా జొల్లు. నేను తుడుచుకునేలోగా జేబులోంచి ఊదొత్తుల ప్యాకెట్టు లాగి నమలసాగింది.

"ఏం నాయనా, ఆవుకు పొగబెడతాండావే, మతి గాని పోయిందా?" అంది పాలామె.

శాస్త్రజ్ఞులకు తిట్లు కొత్తా? పథకం సిద్ధం చేశాను. ఆసుపత్రిలో మంచానికో ఆవు, ముక్కుకో పైపు. ఐసీయూలో అయితే జెర్సీ. ప్రెజర్ తగ్గితే రెండు దోసిళ్ళ తవుడు. బిల్లులో గడ్డి చార్జీలు అదనం. ఎవరెస్టు ఎక్కేవాళ్ళు సిలిండర్ మానేసి పలుపు పట్టుకుని నడవాలి. ఒక్కటే జాగ్రత్త: ఆవు రోజూ వందల లీటర్ల మీథేన్ త్రేన్చుతుంది, వార్డులో బీడీ నిషేధం.

పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమైతే, వదిలే గాలిలో ఇంకా 16 దాకా మిగులుతుంది. ఆ లెక్కన గేదె, గాడిద, నేను, సభాపతి గారు, అందరం ఆక్సిజన్ ప్లాంట్లమే. మరి ఆవొక్కటే అనడమెందుకు?

చదువు లేనివాడు ఆ మాటంటే నవ్వి ఊరుకుందును. అన్నది మాస్టారు. పదో తరగతి పిల్లాడు ఆ జవాబు రాస్తే సున్నా వేస్తాం, ఆయనకేమో కుర్చీ వేశాం. నాకు ఒళ్ళు మండేది అక్కడే. 2021 కరోనా రోజుల్లో మా ఊళ్ళో ఏం జరిగిందో చూసినవాణ్ణి.

మా తిరుపతిలో దేవస్థానం గోశాల ఉంది, నిండా ఆవులు. రుయా ఆసుపత్రీ ఉంది. మే 10 రాత్రి తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకర్ ఆలస్యమై రుయాలో ఆక్సిజన్ ప్రెజర్ పడిపోయింది. పదకొండు మంది పోయారని ప్రభుత్వమే చెప్పింది. ఆ చావులకూ దేవ్‌నానీ గారికీ సంబంధం లేదు, తెలుసు. కానీ ఆ రాత్రి, గోవును తల్లి అని మొక్కే ఈ ఊళ్ళో, ఒక్కరంటే ఒక్కరు గోశాల గేటు తట్టారా? అందరూ అడిగింది ట్యాంకర్ ఎంతదాకా వచ్చిందనే.