పదకొండో అవతారానికి ఆకలి లేదు

అవతారం అన్న మాట మన ఇంటిది. 1980ల్లో అమెరికాలో లూకస్‌ఫిల్మ్ వాళ్లు హ్యాబిటాట్ అనే కంప్యూటర్ ఆట తయారు చేస్తూ, తెర మీద మనిషికి బదులు తిరిగే బొమ్మకు ఈ పేరు పెట్టారు. 1992లో నీల్ స్టీఫెన్‌సన్ రాసిన ‘స్నో క్రాష్’ నవలతో అది ఊరూరా పాకింది. మాట అరువు తీసుకున్నారు, సంతోషం. దానితో పాటు రావలసిన షరతును మాత్రం గుమ్మంలోనే వదిలేశారు. మన పది అవతారాల్లో పని లేకుండా దిగినది ఒక్కటీ లేదు. కొండ మునిగిపోతోంది కాబట్టి తాబేలు, భూమి నీళ్లలో ఉంది కాబట్టి వరాహం, మూడడుగులు అడగాలి కాబట్టి పొట్టివాడు. ముందు పని, తర్వాత రూపం. ఈ పదకొండో అవతారం వరస వేరు. ముందు రూపం దిగింది. జుట్టు, చొక్కా, బూట్లు అన్నీ అమరాయి. ఆ తర్వాత ‘ఇంతకీ నేనెందుకు వచ్చినట్టు?’ అని దిక్కులు చూసింది. అలా దిక్కులు చూస్తున్నప్పుడు దాని నెత్తిన పెట్టిన పనుల్లో భాషలు నేర్పడం ఒకటి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003 జూన్‌లో సెకండ్ లైఫ్ అనే లోకాన్ని తెరిచింది. అందులో దీవులు కొనుక్కోవచ్చు, ఇళ్లు కట్టుకోవచ్చు, లిండెన్ డాలర్లతో బేరాలాడొచ్చు, రెక్కలు లేకుండానే ఎగరొచ్చు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అదొక తిరనాళ్లయింది. 2006లో రాయిటర్స్ వార్తాసంస్థ అక్కడో బ్యూరో పెట్టింది. 2007లో స్వీడన్ ఎంబసీ తెరిచింది. సాక్షాత్తు ఆ దేశ విదేశాంగ మంత్రే ప్రారంభోత్సవం చేశాడు. ఆ ఎంబసీలో వీసా మాత్రం ఇచ్చేవారు కాదు. జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్, స్పానిష్ నేర్పే సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్ కూడా వెళ్లి జెండాలు పాతాయి. లాంగ్వేజ్‌ల్యాబ్ అనే సంస్థయితే ఇంగ్లీషు నేర్పడానికి ‘ఇంగ్లీష్ సిటీ’ పేరుతో ఏకంగా ఒక పట్నమే కట్టింది. వీళ్లందరి వాదం ఒకటే: భాష పుస్తకంలోంచి రాదు, పరిసరాల్లోంచి వస్తుంది, లండన్ వెళ్లలేనివాడి దగ్గరికి లండన్‌నే తెస్తాం. వినడానికి బాగానే ఉంది. కాకపోతే పరిసరాలంటే గోడలూ, వీధి దీపాలూ, కాఫీ బల్లలూ అనుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు ఆ తరగతి గదిలోకి తొంగిచూద్దాం. ఎండా వానా తగలని లోకంలో దానికి పైకప్పు ఉంటుంది. కాళ్లు పీకని మనుషుల కోసం కుర్చీలుంటాయి, అవి కూడా వరసలుగా. ఎదురుగా తెల్ల తెర, తెర మీద పవర్‌పాయింట్ స్లైడు, స్లైడు మీద క్రియల పట్టిక. శివుడు ప్రత్యక్షమై వరం కోరుకోమంటే బల్లా బెత్తమూ అడిగినట్టుంది. విద్యార్థులు ఒక్కొక్కరే ఆకాశంలోంచి ఊడిపడతారు. నెట్ నెమ్మదిగా ఉన్నవాడు కాసేపు బూడిదరంగు బొమ్మలా నిలబడతాడు. బట్టలు వచ్చినా జుట్టు రాదు. పాఠం సగమయ్యేదాకా తిరుపతి వెళ్లొచ్చినవాడిలా గుండుతోనే ఉంటాడు. ఎవరైనా జవాబు టైపు చేస్తుంటే వాళ్ల అవతారం రెండు చేతులూ ముందుకు చాచి, గాల్లో లేని కీబోర్డు మీద టకటకా వేళ్లాడిస్తుంది. 2007 దాకా అక్కడ గొంతు సౌకర్యమే లేదు. సంభాషణకు స్వర్గమని చెప్పిన చోటు నాలుగేళ్లు మూగలోకం. గొంతు వచ్చాక తల మీదొక చుక్క, దాని చుట్టూ ఆకుపచ్చ అలలు. ఆ అలల్ని బట్టి ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోవాలి. కొత్త భాష వినేవాడు ఎదుటివాడి పెదాలూ, కనుబొమలూ, విసుగూ చూసి సగం అర్థం లాగుతాడు. ఇంగ్లీషులో ‘థింక్’ అనేటప్పుడు నాలుక కొస పళ్ల మధ్యకు రావాలి. అది చూపిద్దామంటే ఈ గురువుగారికి నాలుక లేదు.

బొమ్మలదేముంది, ఇవాళ కాకపోతే రేపు బాగుపడతాయంటారు. ఒప్పుకుందాం. కనుబొమలు అతికించారు, పెదాలు కదిలాయి అనుకుందాం. అయినా నా ఫిర్యాదు అలాగే ఉంటుంది. ఆ లోకాల్లో అందరికీ ఇష్టమైన పాఠం కాఫీ హోటల్ పాఠం. విద్యార్థి కౌంటర్ దగ్గరకు వెళ్లి మర్యాదగా కాఫీ అడగాలి. సరిగ్గా అడిగితే కప్పు చేతికొస్తుంది; చెయ్యి నోటిదాకా లేచి, దిగి, మళ్లీ లేస్తుంది; కప్పు వదిలించుకునేదాకా అదే వరస. తప్పుగా అడిగితే ఏమవుతుంది? ఏమీ కాదు. అడగడమే మానేస్తే? అప్పుడూ ఏమీ కాదు, అవతారానికి ఆకలీ దాహమూ లేవు గదా. దారి అడిగే పాఠమూ అంతే. ఒక్క నొక్కుతో కావలసిన చోట తేలగలవాడు రైల్వే స్టేషన్‌కు దారి ఎవరిని అడుగుతాడు, ఎందుకు అడుగుతాడు? బెంగుళూరు కట్టడాల దగ్గర పనిచేసే పాలమూరు కూలీ కన్నడంలో ముందు నేర్చుకునేవి అంకెలు. ఎందుకంటే వారం కూలి లెక్కలో వందో యాభయ్యో ఎగిరిపోతే అతనికి తగులుతుంది. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్‌కు రెవెన్యూ కాగితాలు చదవాలి, రైతు మొర వినాలి. మన భాష మీద ప్రేమ తర్వాత ముదిరింది, ముందు ఉద్యోగం నడవాలి. ఇద్దరికీ భాషను నోట్లోకి తోసింది అవసరం. దీవులు కట్టినవాళ్లు పరిసరాల్లో కంటికి కనబడేదంతా ఎత్తుకుపోయి, కనబడని ఆ ఒక్కదాన్నీ ఇక్కడే మరిచిపోయారు.

‘మరి ఆటలాడే పిల్లల సంగతేమిటి?’ అంటారు. ఇది గట్టి ప్రశ్న, దాటవేయకూడదు. స్వీడన్‌లో పియా సుండ్‌క్విస్ట్, లిస్ కెర్స్టిన్ సిల్వెన్ అనే పరిశోధకులు పదకొండు పన్నెండేళ్ల పిల్లల్ని గమనించి 2012లో రాశారు. ఇంగ్లీషులో ఆన్‌లైన్ ఆటలు ఎక్కువగా ఆడేవాళ్లకు ఇంగ్లీషు మాటలు ఎక్కువ వచ్చని తేలింది. ఆట వల్ల భాష వచ్చిందా, భాష వచ్చినవాళ్లే ఆటకెళ్లారా అన్న పేచీ అలా ఉంచుదాం. ఆట వల్లే వచ్చిందనుకుందాం. అయితే ఆ ఆటలు భాష నేర్పడానికి చేసినవి కావు. రాక్షసుడు మీద పడుతున్నప్పుడు జట్టులోవాడు ‘వెనక్కి రా’ అన్నాడంటే, అది అర్థం కానివాడు చస్తాడు, జట్టునీ చంపుతాడు, ఆపైన తిట్లు తింటాడు. ఆ తిట్లు కూడా అర్థం చేసుకోవాలి గదా! అక్కడ పనిచేసింది చావు భయం, ఉత్తుత్తి చావే కావచ్చు. ఇంకో సాక్ష్యం కావాలంటే, 1994లో న్యూయార్క్‌లో ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు మొదలుపెట్టిన ష్మూజ్ యూనివర్సిటీ ఉంది. అదీ మాయాలోకమే, అదీ భాష కోసమే. అందులో బొమ్మ ఒక్కటీ లేదు, ఉన్నదంతా అక్షరాలే. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చి కబుర్లాడుకునేవారు. అవతల ఉన్న మనిషి మన మాట కోసం ఎదురుచూస్తుంటే చెట్టు బొమ్మ ఎందుకు, చెరువు బొమ్మ ఎందుకు?

సిగ్గరుల తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లు ఇంకొందరున్నారు. ముసుగు వేసుకుంటే భయం పోతుందని, భయం పోతే భాష లోపలికి దిగుతుందని వాళ్ల మాట. దీనికి అండగా స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికన్ భాషావేత్త 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన సిద్ధాంతాన్ని చూపిస్తారు. బెదురు మనసులో వడపోత గుడ్డలా అడ్డుపడి, విన్న భాషను లోపలికి పోనివ్వదని ఆయన అన్నాడు. నిజమే, డ్రాగన్ వేషంలో ఉన్నవాడు తప్పు మాట్లాడటానికి వెనకాడడు. కానీ డ్రాగన్‌కు పోయిన సిగ్గు మనిషికి పోవాలని ఎక్కడుంది? అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషుకు చేరే కుర్రాడి భయం వ్యాకరణం గురించి కాదు. ఇంటర్వ్యూలో బల్లకు అవతల కూర్చున్న ముగ్గురి మొహాల గురించి. ఆ మొహాలు లేని చోట ఎంత సాధన చేసినా ఆ భయం జోలికి పోనట్టే. నాటకంలో ఆంజనేయుడి వేషం కట్టి కుర్చీ మీంచి దూకినవాణ్ని తీసుకెళ్లి సముద్రం ముందు నిలబెట్టినట్టవుతుంది.

దూరాన ఉన్నవాళ్లకు, పేదవాళ్లకు ఇదొక వరమని ఇంకో మాట. దీని మీద ఎక్కువ కాగితం ఖర్చు చేయనక్కర్లేదు. మంచి కంప్యూటరూ, అంతకంటే మంచి నెట్టూ ఉంటే గానీ గుమ్మం దాటలేని బడి పేదవాళ్ల బడి ఎలా అవుతుంది? దీవి అద్దె ఆ రోజుల్లో నెలకు 295 డాలర్లు, విద్యాసంస్థలకు సగం. 2011 జనవరి నుంచి ఆ రాయితీ ఎత్తేసేసరికి చాలా విశ్వవిద్యాలయాలు మూటాముల్లె సర్దుకున్నాయి. దూరం సంగతంటారా, న్యూజెర్సీలో ఉన్న మనవడికి తెనాలిలో ఉన్న అమ్మమ్మ వాట్సాప్ వీడియోలోనే దొరుకుతుంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, వీడికి కథ కావాలి. అంతకు మించిన తెలుగు బడి ఏ దీవిలో కడతారు?

ఇంత బోలు వ్యవహారం ఇన్నేళ్లు ఎలా అమ్ముడుపోతోందో అర్థం కావాలంటే కన్యాశుల్కం నాటకం తెరవాలి. కొడుకు ఇంగ్లీషు చదువు ఎందాకా వచ్చిందో ఒకసారి వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురువు గిరీశమూ శిష్యుడు వెంకటేశమూ ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన లేకుండా నోటికొచ్చిన ఇంగ్లీషు ముక్కలు వల్లిస్తారు. తల్లి మురిసిపోతుంది. డబ్బు పెట్టేవాళ్లొకరు, నేర్చుకునేవాళ్లొకరు అయితే ఇంతే. దీవి కొనాలని తీర్మానించే డీన్‌గారు ఆ దీవిలో భాష నేర్చుకోరు. ఆయనకు చూపించేది ప్రదర్శన. నీలి సముద్రం, కొబ్బరిచెట్లు, గాల్లో ఎగురుకుంటూ వచ్చి ‘గుడ్ మార్నింగ్’ అనే విద్యార్థిని. ఆ పిల్ల ఆ రెండు మాటలూ ఆ దీవికి రాకముందే నేర్చుకుందా అని ఎవరూ అడగరు.

ఇప్పుడు తలకు కట్టుకునే కళ్లజోళ్ల కాలం. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరునే మెటా అని మార్చుకుంది. అప్పట్లో దాని లోకంలో అవతారాలకు నడుము కింద ఏమీ ఉండేది కాదు. కాళ్లు రాబోతున్నాయని 2022 అక్టోబరులో పండగలా ప్రకటించారు. ఆ ఏడాది ఆ లోకాన్ని కట్టే విభాగం నష్టం 1,370 కోట్ల డాలర్లు. వామనుడికి మూడో అడుగుకు చోటు దొరకలేదు, వీళ్లకు మొదటి అడుగుకు కాలు దొరకలేదు. ఆ లోకాల్లో ఇప్పుడు కృత్రిమ మేధతో మాట్లాడే సర్వర్లను పెడుతున్నారు. ఎన్నిసార్లు తప్పు చెప్పినా విసుక్కోరని, ఎంత నత్తిగా అడిగినా అర్థం చేసుకుంటారని గొప్పగా చెబుతున్నారు. అసలు సర్వరు అలా ఉండడు. ‘ఏంటి?’ అని మొహం చిట్లిస్తాడు, ఇడ్లీ అడిగితే వడ తెస్తాడు, వెనక వరసలో ఉన్నవాడు గొణుగుతాడు. ఆ చిట్లింపు చూశాకే మనం మాట మార్చి మళ్లీ చెబుతాం. ప్రతిదీ అర్థం చేసుకునేవాడి ముందు ఆ అవసరం రాదు.

కళ్లజోడు పెట్టెతో అమ్మకాలవాడు రేపు మీ పిల్లల స్కూలుకు వస్తాడు. ప్రదర్శన మొత్తం చూడండి, కొబ్బరిచెట్లు బాగున్నాయని మెచ్చుకోండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: ‘బాబూ, అక్కడ మావాడు నోరు తెరవకపోతే వాడికేం నష్టం?’ జవాబు వచ్చేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి.