ఒక ఎడారి బూజు ఆత్మకథ

అరిజోనా ఎడారి నేలలో పుట్టిన బూజును నేను. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కాక్సిడియోయిడిస్ పోసాడాసీ. 1892లో బ్యూనస్ ఎయిర్స్‌లో అలెహాండ్రో పోసాడాస్ అనే వైద్య విద్యార్థి ఒక సైనికుడి చర్మం మీది పుండ్లలో మా జాతిని మొదటిసారి చూశాడు. అప్పట్లో ఏదో ఏకకణ పరాన్నజీవి అనుకున్నారు. బూజు అని తేలేసరికి 1900 వచ్చింది. నా వల్ల వచ్చే జబ్బుని అరిజోనా జనం వ్యాలీ ఫీవర్ అంటారు.

వానలు పడితే నేలలో సన్నటి దారాలుగా అల్లుకుంటాను. ఎండలు ముదిరి నేల ఎండిపోయాక ఆ దారాలు తెగి, మూడు నాలుగు మైక్రాన్ల ముక్కలవుతాయి. నేల కదిలితే చాలు, గాలికెక్కుతాను. 1977 డిసెంబరులో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర లేచిన దుమ్ము తుఫాను, కాలిఫోర్నియాలోని మా దాయాదుల్ని శాక్రమెంటో దాకా మోసుకుపోయి వందల మందికి జబ్బు తెచ్చింది.

నన్ను పీల్చుకున్నాయనది తెనాలి. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. కొత్త ఇల్లు ఎంతవరకు వచ్చిందో చూద్దామని భార్యతో కలిసి సైటుకి వచ్చాడు. పక్క ప్లాటులో యంత్రం పునాది గొయ్యి తవ్వుతోంది. దుమ్ము లేవగానే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఆ గుడ్డ నన్ను ఆపలేదు.

ఊపిరితిత్తిలోకి చేరాక నా రూపు మారింది. గుండ్రంగా ఉబ్బి, లోపల వందలాది పిల్లకణాలు నింపుకుని, దానిమ్మకాయలా పగిలాను. రెండు వారాలకి ఆయనకి జ్వరం, దగ్గు, లేవలేనంత నీరసం. ఫ్లూ అనుకున్నారు. నన్ను పీల్చినవాళ్లలో నూటికి అరవై మందికి ఆ మాత్రం కూడా తెలియదు. ఆయన తెల్లకణాలు నన్ను చుట్టుముట్టి గోడ కట్టేశాయి. ఎక్స్‌రేలో చిన్న మచ్చగా మిగిలాను. చావలేదు, పెరగడం మానుకుని ఊరుకున్నాను. చాలామందిలో నా కథ ఇక్కడితో సరి. కానీ ఆ గోడ బతికున్న కణాలతో కట్టింది. కాపలా కాయమని వాటికి ఒళ్లు నిత్యం చెబుతూనే ఉండాలి.

ఆయన హైదరాబాద్ తిరిగొచ్చేశాడు. కొన్నేళ్లకి కీళ్లవాతం పట్టుకుంది. వేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవాడు. స్టెరాయిడ్లు ఇచ్చారు, ఆపైన టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు. అవి మంచి మందులే. చొక్కా గుండీలు మళ్లీ తనే పెట్టుకోగలిగాడు. అయితే నా చుట్టూ గోడని నిలబెట్టే సంకేతాల్లో ముఖ్యమైనది ఆ టీఎన్ఎఫే. అవయవ మార్పిడి తర్వాత వాడే మందులతోనూ, ముదిరిన హెచ్ఐవీతోనూ ఇలాగే కాపలా సడలుతుంది. నేను లేచాను.

సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, దగ్గు, బరువు తగ్గడం. మన దగ్గర ఈ నాలుగూ కలిస్తే ముందు టీబీ గుర్తొస్తుంది, రావాల్సిందే. కళ్లెలో టీబీ క్రిమి కనపడకపోయినా టీబీ మాత్రలు మొదలుపెట్టారు. అవి నన్నేమీ చేయవు. ఈలోగా నేను రక్తంలో పడి వెన్నెముక దాకా పాకాను. మెదడు పొరలకి చేరి ఉంటే ఆయన బతికినన్నాళ్లూ మందు మింగాల్సి వచ్చేది.

చివరికి ఇంకో ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ అడిగింది: "ఇంతకుముందు ఏయే ఊళ్లలో ఉన్నారండీ?"

"తెనాలి, తర్వాత ఇక్కడే మేడమ్," అన్నాడాయన.

"అదేంటండీ, అరిజోనాలో అన్నేళ్లు ఉన్నాం కదా! ఇల్లు కట్టేటప్పుడు మీకు ఒకటే దగ్గు, మర్చిపోయారా?" అంది భార్య.

డాక్టరమ్మ రాయడం ఆపింది. ఊపిరితిత్తి ముక్క తీయించి, ల్యాబుకి ముందే ఫోన్ చేసి హెచ్చరించింది. ఆ జాగ్రత్త తప్పనిసరి. ల్యాబు ప్లేటు మీద నేను మళ్లీ దారాలుగా పెరుగుతాను, మూత తీసినవాళ్లు పీల్చుకుంటారు. రోగి దగ్గితే మాత్రం ఎవరికీ అంటను. మనిషి ఒంట్లోంచి నాకు బయటికి దారి లేదు. ఆయన ప్రాణం పోతే నాకు దక్కేదేమీ లేదు.

మైక్రోస్కోపులో నా గుండ్రటి సంచులు కనిపించాయి. ఇంజెక్షన్లు ఆపి ఫ్లూకోనజోల్ మొదలుపెట్టారు. ఆ మందు నన్ను పెరగనివ్వదు, అలాగని పూర్తిగా చంపదు. అందుకే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వాడమంటారు.

అరిజోనాలో అవయవ మార్పిడికి ముందే రక్తపరీక్షతో నాకోసం వెతుకుతారు, ముందు జాగ్రత్తగా ఇదే మందు ఇస్తారు. నేను పుట్టని చోట నా ఊసు ఎవరికైనా తట్టడం కష్టం. ఫీనిక్స్, టూసాన్, బేకర్స్‌ఫీల్డ్, ఫ్రెస్నో వైపు ఉద్యోగానికి వెళ్లినా, పిల్లల్ని చూడ్డానికి వెళ్లొచ్చినా, అక్కడ తీసిన పాత ఎక్స్‌రేలు పారేయకండి. స్టెరాయిడ్లనో, కీళ్ల ఇంజెక్షన్లనో, కిడ్నీ మార్పిడనో మాట రాగానే, డాక్టరు అడిగినా అడక్కపోయినా ఆ ఊరి పేరు మీరే చెప్పండి.